ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు చెరువులలో గాలపు వేట

ఆదివారము నాడు వైరా జలాశయపు కట్టమీదనో, పాలేరు ఒడ్డుననో గాలపు కర్రలు పట్టుకొని కూర్చున్నవారు కొందరైనను కనిపింతురు. వీరిలో ఉపాధ్యాయులు, దుకాణదారులు, బొగ్గు గనులలో పనిచేయువారు, నాట్లు ముగించుకొని తీరిక చిక్కిన రైతులు ఉందురు. వీరు చేపను అమ్ముకొనుటకై వచ్చినవారు కారు. బెండు మునిగిన క్షణమున కలుగు ఉత్సాహము కొరకు వచ్చినవారు. గ్రామములకు పోయినప్పుడు రైతు సోదరులు కూడ "ఏ చెరువు మంచిది? ఏ కాలమున ఏ చేప పడును?" అని తరచు అడుగుచుందురు. ఆ ప్రశ్నలకు తెలిసినంత వరకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. అయితే మంచి చెరువు ఏదో తెలిసికొనుట ఎంత అవసరమో, దానిని మంచి చెరువుగా నిలుపుకొను ఉపాయము తెలిసికొనుటయు అంతే అవసరము. రెండవది తెలియనిచో మొదటిది కొద్ది యేండ్లకు మించి పనికిరాదు.

మన ప్రాంతపు నీటి వనరులు

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు జిల్లానుండి వేరుపడి ఏర్పడినది. భద్రాచలం ప్రాంతము 1959లో తూర్పు గోదావరి జిల్లానుండి వచ్చి ఇందు చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం ప్రత్యేక జిల్లా అయినది. ఈ చరిత్ర చెప్పుటకు కారణము కలదు. పడమటి వైపున మాగాణి భూములకు నీరిచ్చు పెద్ద చెరువులు, జలాశయములు ఉన్నవి. తూర్పు వైపున అడవి వాగులు, వాటిపై కట్టిన ఆనకట్టలు, కోయగూడెముల నానుకొని యున్న చిన్న కుంటలు ఉన్నవి. రెండు తావులలోను చేపలు వేరు, వేట తీరు వేరు, అడుగవలసిన అనుమతియు వేరు.

పాలేరు: కూసుమంచి మండలములో ఖమ్మం, సూర్యాపేట బాటమీద ఉన్నది. నిజాము పాలనలో 1920 దశకమున కట్టబడినది. తరువాతి కాలమున నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు దీనిలో చేరుటచే నీటి నిలకడ పెరిగినది. నీరు విశాలముగా పరచుకొని యుండుటవలన బొచ్చె, రవ్వ బాగుగా ఎదుగును. నీలకంఠ రొయ్యకు కూడ ఈ జలాశయము పేరుపడినది. మత్స్య పరిశోధనా కేంద్రము ఒకటి ఇచ్చట కలదు.

వైరా: వైరా నదిపై 1930 ప్రాంతమున నిర్మింపబడిన జలాశయము. కట్టమీద చెట్ల నీడ, ఒడ్డున లోతు తక్కువ నీరు ఉండుటచే కొత్తగా గాలము పట్టువారికి అనుకూలము. మత్స్యశాఖవారి చేపపిల్లల పెంపక కేంద్రము కూడ వైరాలో కలదు.

లంకాసాగర్, బేతుపల్లి: పెనుబల్లి మండలములోని లంకాసాగర్, సత్తుపల్లి వైపునగల బేతుపల్లి పెద్ద చెరువు మధ్యరకపు నీటి వనరులు. తామర, తుంగ పెరిగిన ఇట్టి చెరువుల అంచులయందు కొరమీను, మట్టగిడస, జెల్ల దొరకును.

కిన్నెరసాని: పాల్వంచ సమీపమున అడవి కొండల నడుమ ఉన్న సుందరమైన జలాశయము. పాల్వంచ తాప విద్యుత్ కేంద్రమునకు ఇచ్చటి నీరే ఆధారము. చుట్టునున్న అడవి 1977నుండి వన్యప్రాణి అభయారణ్యము. ఈ నీటిలో మొసళ్లు ఉన్నవి. కావున దీనిని చూచి ఆనందించుటకే గాని, అటవీశాఖ అనుమతి లేక గాలము వేయుటకు తగినది కాదని ముందే చెప్పుట మంచిది.

తాలిపేరు: చర్ల మండలములో గోదావరి ఉపనదియైన తాలిపేరుపై కట్టినది. ఈ నది ఛత్తీస్‌గఢ్ అడవులనుండి వచ్చును. ఎగువన వాన కురిసిన కొద్ది గంటలలోనే నీరు పెరుగును, తలుపులు ఎత్తివేయుదురు. అందుచే ఆనకట్ట దిగువ మడుగులలో వానకాలపు వేట ప్రాణాంతకము.

అశ్వారావుపేట మండలమున గుమ్మడవల్లి వద్దగల పెద్దవాగు కట్ట 2024 జూలై వరదలో తెగి, దిగువ గ్రామములను ముంచినది. వాన ఉద్ధృతముగా నున్న దినములలో కట్టలపై, మత్తళ్లపై కూర్చుండరాదనుటకు ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఏ చేప ఏ లోతున మేయును?

గాలము వేయువాడు ముందుగా చేప నడవడిని తెలిసికొనవలెను. మన పెద్ద చెరువులలో ముఖ్యముగా పెంచబడునవి మూడు. బొచ్చె లేక కట్ల పైనీటిలో తిరుగుచు సూక్ష్మజీవులను మేయును. దాని నోరు పైకి తెరచుకొని యుండును. శీలావతి లేక రవ్వ యనబడు రోహు నడిమి నీటిలో ఉండును. ఎర్రమోసు లేక మృగాల అడుగున బురదలోని కుళ్లిన పదార్థమును తినును. దాని నోరు క్రిందికి వంగి యుండును. నోటి తీరు చూచినచో గాలమును ఏ లోతున వ్రేలాడదీయవలెనో తెలియును. బెండునుండి గాలము వరకు గల దారమును తగ్గించి పెంచుటయే ఇందలి కిటుకు.

ఈ మూడింటికిని తవుడు, వేరుశనగ చెక్క, గోధుమపిండి కలిపి పిసికిన ముద్ద మంచి ఎర. వేట మొదలిడుటకు అరగంట ముందు అదే ముద్దను కొద్దిగా నీటిలో చల్లినచో చేప ఆ తావునకు అలవాటుపడును. ఎక్కువ చల్లరాదు. తినగా మిగిలినది కుళ్లి నీటిని పాడుచేయును. జెల్లలు, పరకలు వానపామునకు పడును. వాలుగ, కొరమీను మాంసాహారులు. చిన్న చేపను ఎరగా పెట్టినను, చేపవలె తళతళలాడు రేకును నీటిలో లాగినను వెంటబడును. కొందరు బ్రదికియున్న కప్పను ఎరగా గ్రుచ్చుదురు. కప్ప మన వరిపొలములో పురుగులను తిని మేలుచేయు ప్రాణి. పొలమునుండి దానిని పట్టి తెచ్చుట రైతు తన కూలివానిని తానే తరిమివేసికొనుట వంటిది.

కాలమును గూర్చి చెప్పవలెనన్న, వానలు వెలసి నీరు తేరిన పిదప, కార్తీకము మొదలు ఫాల్గుణము వరకు గాలపు వేటకు ఉత్తమము. ప్రొద్దు పొడిచిన తరువాత రెండు గంటలు, ప్రొద్దు క్రుంకుటకు ముందు రెండు గంటలు చేప చురుకుగా మేయును. ఎండాకాలమున చెరువు కుంచించుకొనిపోయి, చేపలన్నియు ఒక్క మడుగులో చేరియున్నప్పుడు పట్టుట సులభమే. కాని అది వేట కాదు, రాబోవు ఏటి విత్తనమును ఊడ్చివేయుట. ఇక వానకాలపు సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది.

కొరమీను తల్లి

అశ్వారావుపేట వైపు అడవి అంచున ఒక చిన్న కుంట ఉన్నది. కొన్నేండ్ల క్రిందట శ్రావణ మాసమున వరి నారుమళ్లు చూచుటకై ఆ గూడెమునకు పోయి, పని ముగిసిన పిమ్మట పెద్దల అనుమతితో ఈ వ్యాసకర్త అచ్చట గాలము వేసెను. ఒడ్డు చెంత నాచులో నీరు ఎర్రగా, నిప్పుకణికలు రాలినట్లు కదలుచుండెను. ఆ తావుననే తళుకు రేకును లాగగా రెండవ విసురుకే కిలోన్నర తూగు కొరమీను పడినది. సంతోషమునకు మేర లేకపోయెను. అంతలో కుంట కాపలాకు వచ్చిన కోయ వృద్ధుడు దగ్గరకు వచ్చి చేపను చూచి, నీటిని చూచి, "తల్లిని తీస్తివి సారూ, ఇగ పిల్లలను కాసేదెవరు?" అనెను. ఇంకేమియు అనలేదు.

మరునాటి ఉదయము మరల పోయి చూడగా ఆ ఎర్రని గుంపు పలుచబడినది. నాచు చుట్టు జెల్లలు, పరకలు తిరుగుచుండెను. మూడవనాటికి ఆ తావున ఏమియు లేదు. వ్యవసాయ శాస్త్రము చదివి పట్టము పొందినవానికి తెలిసియుండవలసిన సంగతి, బడికి పోని ముసలివాడు ఒక్క మాటలో నేర్పెను.

ఆ మాటకు శాస్త్రము ఇట్లు సమాధానము చెప్పును. కొరమీను సుమారు రెండవ ఏట ఈడునకు వచ్చును. వానలు పడగానే జంటగా ఒడ్డు చెంత లోతు తక్కువ నీటికి వచ్చి, నాచును తొలగించి గూడు వంటి తావును ఏర్పరచును. గ్రుడ్లు పసుపురంగున నీటిపై తేలును. సుమారు ఒకటి రెండు దినములలో పిల్లలగును. ఎర్రని ఈ పిల్లలు గుంపుగా నీటి పైభాగమున తిరుగుచుండగా, తల్లిదండ్రులు క్రిందనుండి సుమారు నెల దినములు కాపలా కాయును. దగ్గరకు వచ్చు దేనినైనను అవి కరచుటకు దూకును. అందుచేతనే ఆ సమయమున గాలమునకు సులభముగా పడును. వేటగాడు తన నేర్పు అనుకొనునది నిజమునకు ఆ చేపకు పిల్లలపై గల మమకారము. కాపలా పోయిన వెంటనే ఆ పిల్లలు ఇతర చేపలకు ఆహారమగును.

బొచ్చె సంగతి వేరు. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వరదనీటి పారుదలలోనే పెట్టును. ఒక్క ఆడచేప కిలో బరువునకు లక్షకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి, అలికున్హి మొదలైన శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి, ఆ జాతి చేపచే గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందిరి. నాటినుండి పిల్లల ఉత్పత్తి కేంద్రములు వెలసినవి. జూలై 10వ తేదీని జాతీయ మత్స్య రైతుల దినముగా జరుపుకొనుటకు కారణమిదియే. తెలంగాణలో 2016-17 మొదలు ప్రభుత్వము చెరువులలో చేపపిల్లలను ఉచితముగా వదలు పథకమును ప్రారంభించినది. అనగా చెరువులోని బొచ్చె తరిగినచో మరల తెచ్చి వదలవచ్చును. కొరమీను గ్రుడ్లు వేలలోనే ఉండును. దాని పిల్లలను పెంచుటయు కష్టము. అడవి కుంటలోని కొరమీను తనను తానే నిలుపుకొనవలెను. 2016లో మన రాష్ట్రపు చేపగా ప్రకటింపబడినది ఈ కొరమీనే.

కాబట్టి గాలము పట్టువాడు ఇద్దరికి ఋణపడి యున్నాడు. బొచ్చెను పట్టినప్పుడు పిల్లలను వదలి, కాపలా కాచిన మత్స్యకారులకు ఋణపడును. వానకాలమున కొరమీనును పట్టినప్పుడు ఎవ్వరును తిరిగి ఇవ్వజాలని దానిని తీసికొనును. మొదటి ఋణము అడిగి, రుసుము చెల్లించి తీర్చుకొనవచ్చును. రెండవ ఋణమునకు తీర్చు మార్గము ఒక్కటియే, పట్టకుండుట.

ఈ నియమము ఇతర దేశములలో పాతది. ఇంగ్లండు నదులలో సాల్మను, ట్రౌటు కాక తక్కిన చేపలకు మార్చి 15నుండి జూన్ 15 వరకు గాలపు వేట నిషిద్ధము. ఈ విరామమునకు మూలము 1878 నాటి చట్టము. మన దేశమున కూడ మద్రాసు సివిలు ఉద్యోగియైన హెచ్. ఎస్. థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా", 1887లో "టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" అను గ్రంథములు ప్రకటించెను. మన చెరువులలో గాలపు వేటను ఒక గ్రంథమునకు విషయముగా చేసినది ఆ రెండవ పుస్తకము. మన ప్రాంతమున వాన రాకనుబట్టి జూలై, ఆగస్టు నెలలు విరామకాలముగా పాటించుట యుక్తము.

అనుమతి, చట్టము

చెరువు ఊరిదే అయినను అందలి చేప అందరిదియు కాదు. పెద్ద చెరువులలో చేపలు పట్టు హక్కు సాధారణముగా మత్స్య సహకార సంఘములకు ఉండును. సంఘ సభ్యుల కుటుంబములు ఏడాది పొడవున ఆ చేపపైననే ఆధారపడియున్నవి. వినోదమునకు వచ్చినవాడు ముందుగా సంఘపు అధ్యక్షుని కలిసి, అనుమతి పొంది, ఎన్ని చేపలు తీసికొనవచ్చునో అడిగి తెలిసికొనవలెను. పంచాయతీ కుంటలలో పంచాయతీ అనుమతి కావలెను. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగింపవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. కావున ఏజెన్సీ గూడెములలో గ్రామ పెద్దలను అడుగక కుంటలో గాలము వేయుట మర్యాదయు కాదు, న్యాయమును కాదు.

మందుగుండు పేల్చి, విషము కలిపి చేపలు పట్టుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరముగా ప్రకటించినది. మందుగుండు పేలినచోట తేలిన చేపలకంటె అడుగున చచ్చి తేలనివి, నశించిన పిల్లలు, గ్రుడ్లు ఎక్కువ. ఇట్టి పనిని గ్రామాధికారులు చూచి చూడనట్లు ఊరకుండరాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను తెచ్చి చెరువులలో వదలుటయు నిషిద్ధము. కేంద్ర ప్రభుత్వము 2000లోనే దీని పెంపకమును నిషేధించినది. అది తప్పించుకొని వాగులో చేరినచో కొరమీను పిల్లలకు శత్రువగును.

రైతులు గమనింపవలసినవి

చెరువును పాడుచేయునది వేటగాడు మాత్రమే కాదు. మన ప్రాంతమున మిరప, పత్తి చేలకు మందులు ఎక్కువగా చల్లబడుచున్నవి. సైపర్‌మెత్రిన్ వంటి మందులు అత్యల్ప పరిమాణమున కూడ చేపలకు ప్రాణాంతకములు. మందు చల్లిన పిమ్మట పంపును, డబ్బాలను కుంటలో కడిగినచో ఆ ఏటి పిల్లలన్నియు ఒక్క దినమున నశింపవచ్చును. కడిగిన నీటిని చెరువుకు, బావికి దూరముగా బీడు నేలపై పారబోయవలెను. ఖాళీ డబ్బాలను తూము కాలువలో వేయరాదు. చెరువు అంచున కొంత తుంగను, నాచును దున్నక వదలినచో కొరమీను గూటికి తావు మిగులును.

చేపను తిరిగి వదలు విధము

చిన్న చేప పడినను, కడుపు ఉబ్బి గ్రుడ్లతో నున్న చేప పడినను తిరిగి నీటిలో వదలవలెను. వదలినంత మాత్రమున అది బ్రదుకునని తలచరాదు. ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

1. గాలము కొనకు వెనుకనుండు చిన్న ముల్లును పటకారుతో నొక్కివేయవలెను. చేప నోరు చినగక గాలము సులభముగా ఊడివచ్చును.

2. చేతులను ముందుగా నీటిలో తడుపుకొనవలెను. పొడి చేతితో పట్టినచో చేప ఒంటిపైనుండు జిగురు పోయి రోగము సోకును.

3. చేపను ఎండిన నేలపై, రాళ్లపై పడవేయరాదు. మొప్పలలో వేళ్లు పెట్టి ఎత్తరాదు.

4. గాలమును లోతుగా మ్రింగినచో లాగక, దారమును నోటి దగ్గర కోసివేయవలెను.

5. నీటిలో చేపను నిలువుగా పట్టుకొని, అది తోక ఆడించి తనంతట తాను పోవువరకు ఓపిక పట్టవలెను.

ప్రాణ రక్షణ

తూము ఎదుట నీరు లోనికి లాగును, అచ్చట దిగరాదు. మత్తడి రాళ్లపై నాచు జారును. ఉరుములు మెరుపులున్నప్పుడు పొడవైన కర్రను పట్టుకొని ఒడ్డున నిలువరాదు. పిల్లలను ఒంటరిగా గాలములతో చెరువునకు పంపరాదు. తెగిన నైలాను దారమును నీటిలో, గట్టుమీద విడువరాదు. అది పక్షుల కాళ్లకు, పశువుల కాళ్లకు చుట్టుకొని బాధించును.

ముగింపు

పంచాయతీ కార్యదర్శులు, సంఘపు పెద్దలు ఈ తొలకరికి ముందు గ్రామసభలో మూడు విషయములు చర్చించిన మేలు. వానకాలపు రెండు నెలలు తమ చెరువులో గాలమును, వలను నిలుపుట మొదటిది. గాలపు వేటకు వచ్చు బయటివారికి స్వల్ప రుసుము, పట్టు చేపలకు పరిమితి నిర్ణయించుట రెండవది. ఎర్రని పిల్లల గుంపు కనిపించిన తావున ఒక కర్ర పాతి, అచ్చట వేట వద్దని గుర్తుచేయుట మూడవది. వీనికి పెద్ద ఖర్చేమియు లేదు, కావలసినది ఒక కర్ర మాత్రమే.

పైన చెప్పిన కుంటలో ఆ మరుసటి ఏడు శ్రావణమున గూడెమువారు అట్టి కర్ర పాతిరి. ఆ సంవత్సరము నాచు చెంత ఎరుపు మరల కనిపించినది. దాని ప్రక్కన ఈ వ్యాసకర్త చాలసేపు కూర్చుండెను. గాలము మాత్రము ఇంటిలోనే ఉండెను.